బురదలో పుట్టిన తేటనీరు

ఎండిన నేలపై పుట్టినవారికి నీటి విలువను ఎవరూ బోధించనక్కరలేదు. నల్లమల అంచున మహానంది క్షేత్రాన్ని దర్శించిన ప్రతివారూ ఆ విలువను కన్నులారా చూసినవారే. పరమేశ్వరుని పాదాల చెంత నుండి ఉబికివచ్చే ఆ తేటనీరు కోనేళ్లను నింపి, అంతటితో ఆగక పొలాలకు పారి పంటలను పండిస్తుంది. యాగంటిలో కొండ కడుపు నుండి జాలువారే ధారను దోసిట పట్టి తలపై చల్లుకున్నప్పుడు మీ మనస్సు ఎంత చల్లబడిందో మీకు గుర్తుండే ఉంటుంది. నీరు పుట్టిన చోట దైవం వెలసిందని మన పూర్వులు నమ్మారు. ఆ నమ్మకం ఈ సీమకు మాత్రమే పరిమితమైనది కాదు. ఈ వారం మీ ముందుంచుతున్న జీవితం కూడ ఒక ఊట చుట్టూ అల్లుకున్నదే. ఆ ఊటను తన చేతివేళ్లతో తవ్వి తీసినది పద్నాలుగేళ్ల నిరుపేద బాలిక. ఆమె పేరు బెర్నదెత్. మన విజయవాడ గుణదల కొండపై కొలువైన మరియమాతను దర్శించేవారు ఆ బాలిక కథను ఏదో ఒక రూపంలో వినే ఉంటారు.

పరమతానికి చెందిన భక్తురాలి కథ మనకెందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. అట్టివారు ఒక్కసారి దేవుని కడపను తలచుకోవాలి. ఉగాది నాడు అక్కడి లక్ష్మీవేంకటేశ్వరుని సన్నిధికి ముస్లిం కుటుంబాలు తరలివస్తాయి. బీబీ నాంచారమ్మను తమ ఇంటి ఆడపడుచుగా, స్వామిని తమ ఇంటి అల్లునిగా భావించి టెంకాయ కొట్టి మొక్కులు చెల్లిస్తాయి. అదే కడపలో అమీన్ పీర్ దర్గా గడపకు నుదురు ఆనించే హిందువులకు లెక్క లేదు. సాటివాని భక్తిని గౌరవించడం ఈ మట్టికి ఉగ్గుపాలతో అబ్బిన గుణం. ఆ చూపుతోనే ఈ కథను చదవండి.

చెరసాల గదిలో కాపురం

ఫ్రాన్సు దేశానికి దక్షిణాన పిరనీస్ పర్వతాల పాదాల చెంత లూర్దు అనే చిన్న పట్టణం ఉంది. అక్కడి బోలీ అనే నీటి మరలో 1844 జనవరి 7న బెర్నదెత్ జన్మించింది. తండ్రి ఫ్రాన్స్వా సూబిరూ పిండి మర నడిపేవాడు. తల్లి లూయీజ్. ఆ దంపతులకు కలిగిన తొమ్మిదిమంది సంతానంలో బెర్నదెత్ పెద్దది. వారిలో పలువురు పసితనంలోనే కన్నుమూశారు.

తండ్రి మంచివాడే గాని లెక్క తెలిసినవాడు కాదు. అప్పు పెట్టినవారిని గట్టిగా అడిగే నోరు ఆయనకు లేదు. 1854లో మర చేజారిపోయింది. మరుసటి ఏడు ఊరిలో కలరా వ్యాపించింది. బెర్నదెత్ ప్రాణాలతో బయటపడినప్పటికీ ఉబ్బసం ఆమెను జీవితాంతం వెంటాడింది. 1857 నాటికి ఆ కుటుంబానికి అద్దె ఇల్లు కూడ కరువై, ఒకప్పుడు చెరసాలగా వాడి, అపరిశుభ్రంగా ఉన్నదని వదలివేసిన ఒంటి గదిలో తలదాచుకుంది. నిడివి, వెడల్పు కలిపి చూస్తే నాలుగు మంచాలు పట్టడమే కష్టమైన గది అది. ఆ ఏడే పిండి దొంగిలించాడన్న అనుమానంతో తండ్రిని పట్టుకెళ్లి కొన్నాళ్లు నిర్బంధించారు. నేరం రుజువు కాలేదు. కాని పేదవానిపై పడిన నింద అంత సులభంగా చెరగదు కదా!

ఆ బాలికకు చదవడం, రాయడం రాదు. దేశమంతా నేర్పే ఫ్రెంచి భాష సైతం ఆమెకు సరిగా రాదు. ఆ కొండల వైపు పలికే మాండలికమే తెలుసు. మతబోధ తరగతిలో పాఠం నోటికి రాక వెనుకబడింది. పద్నాలుగేళ్లు వచ్చినా దివ్యసత్ప్రసాదం మొదటిసారి స్వీకరించే అర్హత ఆమెకు లభించలేదు. ఆమెకు ఉన్న ఆధ్యాత్మిక సంపదంతా ఒక జపమాల, నాలుగు ప్రార్థనలు. మన పల్లెలో అక్షరం రాని అవ్వ ఒక్క రామనామాన్ని పట్టుకొని బతుకంతా ఈదినట్లు, ఆ బిడ్డ ఆ జపమాలను పట్టుకొని ఉంది.

కట్టెల కోసం వెళ్లిన నాడు

1858 ఫిబ్రవరి 11. మన పల్లెలలో మహాశివరాత్రి జాగరణకు సిద్ధమయ్యే రోజులవి. లూర్దులో ఎముకలు కొరికే చలి. ఇంట్లో పొయ్యికి కట్టెలు లేవు. బెర్నదెత్ తన చెల్లెలితో, మరొక స్నేహితురాలితో కలిసి గావ్ నది ఒడ్డుకు పుల్లలు ఏరడానికి వెళ్లింది. ఊరి పందులు మేసే, మురికి చేరే మాసాబియేల్ అనే గుహ వద్దకు వారు చేరుకున్నారు. తోటివారిద్దరూ కాలువ దాటి ముందుకు పోయారు. చల్లని నీటిలో దిగితే ఉబ్బసం తిరగబెడుతుందన్న భయంతో బెర్నదెత్ వెనుకబడి మేజోళ్లు విప్పుకుంటూ కూర్చుంది. గాలి వీచిన చప్పుడు వినిపించింది. తలెత్తి చూస్తే చెట్ల ఆకులు కదలడం లేదు. గుహ పైభాగపు నెరియలో తెల్లని దుస్తులు ధరించి, నడుముకు నీలి పట్టీ చుట్టుకొని, ప్రతి పాదంపై పసుపు వన్నె గులాబీతో, చేతిలో జపమాలతో ఒక స్త్రీమూర్తి కనిపించిందని ఆమె ఆ తరువాత చెప్పింది.

ఆనాటి నుండి జులై 16 వరకు పద్దెనిమిది పర్యాయాలు ఆ దర్శనం లభించిందని కతోలిక క్రైస్తవుల విశ్వాసం. మూడవ దర్శనంలో ఆ మూర్తి ఆమెకు ఇచ్చిన మాటను మీరు జాగ్రత్తగా గమనించాలి. ఈ లోకంలో సుఖపెడతానని ఆమెకు మాట ఇవ్వలేదు. ఆ సుఖం పరలోకంలోనే అని చెప్పింది. ఇల్లు, వాకిలి, ఆరోగ్యం ఏదీ లేని పిల్లకు దొరికిన వరం అది! అయినా ఆమె మరునాడు, ఆ మరునాడు తెల్లవారకముందే చలిలో ఆ గుహ చెంతకు నడిచింది. ఏదో ఇస్తాడని కొలిచే భక్తికి, ఏమీ ఇవ్వకపోయినా విడువని భక్తికి గల తేడా ఇక్కడ తెలుస్తుంది.

నాలుగవ దోసిలి

ఫిబ్రవరి 25న జరిగిన సంఘటన ఈ కథకు ఆయువుపట్టు. వందలాది జనం చూస్తుండగా బెర్నదెత్ మొదట నది వైపు అడుగు వేసి, వెనుదిరిగి, గుహ లోపలి మూలకు మోకాళ్లపై పాకింది. ఊటలో నీరు తాగి ముఖం కడుక్కొమ్మని తనకు ఆదేశం అందిందని ఆమె తరువాత వివరించింది. కాని అక్కడ ఊట ఏదీ లేదు. తడి మట్టి మాత్రమే ఉంది. ఆమె వేళ్లతో గీరింది. బురద వచ్చింది. దోసిట తీసుకొని నోటి దాకా తెచ్చి పారబోసింది. అలా మూడుసార్లు జరిగింది. నాలుగవసారి వచ్చిన మురికినీటిని కష్టంపై మింగింది. ముఖమంతా బురద పులుముకొని, అక్కడి గడ్డి ఆకులు నమిలి, లేచి నిలబడింది.

చూడవచ్చిన జనం నివ్వెరపోయారు. నిన్నటి వరకు దండం పెట్టినవారే నేడు పిచ్చిపిల్ల అని నవ్వారు. వెంట వచ్చిన బంధువులు సిగ్గుతో ఆమెను లాక్కొని ఇంటికి తీసుకుపోయారు. కాని ఆ సాయంత్రానికి, మరునాటికి ఆ గుంటలో నీరు నెమ్మదిగా తేటపడి పారసాగింది. నేటికీ ఆ ఊట పారుతూనే ఉంది.

రాయలసీమ రైతుకు ఈ ఘట్టాన్ని విడమరచి చెప్పవలసిన పని లేదు. బోరు దించినప్పుడు మొదట ఎగసేది దుమ్ము. తరువాత వచ్చేది బురద. గట్టుపై నిలబడినవారు పెదవి విరుస్తారు. ఇంటి ఇల్లాలు మాత్రం మెడలోని పుస్తెను పట్టుకొని ఇష్టదైవాన్ని తలచుకుంటూ నిలబడుతుంది. నీరు పడే గడియ వరకు ఆమెను నిలబెట్టేది ఏమిటో, బెర్నదెత్ చేత నాలుగవ దోసిలి తీయించినదీ అదే.

దారాలు తెగని సాక్ష్యం

అధికారులు ఊరుకోలేదు. పోలీసు కమిషనర్ జకోమే ఆమెను పిలిపించి గుచ్చిగుచ్చి ప్రశ్నించాడు. ఆమె చెప్పినదాన్ని రాసుకొని, కావాలనే కొన్ని మాటలు మార్చి తిరిగి చదివి వినిపించాడు. అక్షరం రాని ఆ పిల్ల తాను అలా చెప్పలేదని ప్రతి తప్పునూ ఎత్తిచూపింది. ఆమెకు మతి స్థిమితం ఉందో లేదో తేల్చడానికి ముగ్గురు వైద్యులు పరీక్షించారు. ఉన్మాదమేదీ వారికి కనిపించలేదు. జూన్ నెలలో గుహకు అడ్డుగా పలకలు కొట్టి జనాన్ని ఆపారు. అక్టోబరులో చక్రవర్తి మూడవ నెపోలియన్ ఆజ్ఞతో ఆ అడ్డు తొలగింది.

విచారణ గురువు పేరమాల్ కూడ మొదట ఆమెను నమ్మలేదు. అక్కడ గుడి కట్టించమని, జనం ఊరేగింపుగా రావాలని ఆ మూర్తి కోరినట్లు బెర్నదెత్ చెప్పినప్పుడు ఆయన కసురుకున్నాడు. ముందు ఆమె పేరు కనుక్కొని రమ్మన్నాడు. గుహలోని అడవి గులాబీ పొదను ఆ చలికాలంలో పూయించమన్నాడు. పొద పూయలేదు. మార్చి 25న మాత్రం పేరు తెలిసింది. తాను అమలోద్భవినని ఆ మూర్తి పలికినట్లు బెర్నదెత్ విన్నది. మరియమాత జన్మపాపం సోకకుండా ఉద్భవించిందన్న సిద్ధాంతాన్ని పోపు తొమ్మిదవ పయస్ అంతకు నాలుగేళ్ల క్రితమే, 1854లో ప్రకటించారు. కాని ఆ పదం అర్థం ఆ బాలికకు తెలియదు. మరచిపోతానేమోనన్న భయంతో దారి పొడుగునా దాన్ని వల్లెవేస్తూ పరుగున వచ్చి గురువుకు అప్పగించింది. కఠినుడైన ఆ గురువు చలించిపోయాడు. పాఠం అప్పగించలేని పిల్ల, పండితులు చర్చించుకునే మాటను ఎక్కడి నుండి తెచ్చింది?

నాలుగేళ్ల విచారణ అనంతరం 1862 జనవరి 18న తార్బ్ పీఠాధిపతి లొరాన్స్ ఆ దర్శనాలు విశ్వసించదగినవని ప్రకటించారు.

ఇంతలో లూర్దుకు జనం వెల్లువెత్తారు. బంగారు నాణేలు చేతిలో పెట్టబోయిన ధనికులు ఎందరో. బెర్నదెత్ ఒక్క కాసు ముట్టలేదు. ఇంట్లో ఎవరినీ ముట్టనివ్వలేదు. యాత్రికులకు సాయం చేసి తమ్ముడు నాణెం పుచ్చుకున్నాడని తెలిసి, వానిని దండించి తిరిగి ఇప్పించిందని చెబుతారు. పస్తులున్న ఇంటిలో నాణేన్ని తిరస్కరించడం ఎంతటి తపస్సో ఆకలి ఎరిగినవారికే తెలుస్తుంది. నమ్మి తీరాలని ఆమె ఎవరినీ బలవంతపెట్టలేదు. చెప్పడం మాత్రమే తనకు అప్పగించిన పనియని, నమ్మించడం తన పని కాదని ఆమె భావం.

చీపురు వంటి జీవితం

ఇక్కడితో కథ ముగిస్తే అది ఒక అద్భుతగాథ మాత్రమే అవుతుంది. అసలు భక్తి దీని తరువాతే ఉన్నది. దర్శనాలు ఆరు నెలలలో ఆగిపోయాయి. ఆమె ఆ తరువాత ఇరవై ఏళ్లకు పైగా జీవించింది. ఆ ఇరవై ఏళ్లూ దర్శనం లేదు, వైభవం లేదు. ఉన్నది నిత్యకృత్యం, వ్యాధి, మౌనం.

1866 జులైలో ఆమె లూర్దును వదలి సుదూరాన ఉన్న నెవేర్ పట్టణంలోని కన్యస్త్రీల మఠంలో చేరింది. చేరిన మరునాడు తన కథను సోదరీమణుల ఎదుట ఒక్కసారి చెప్పించారు. ఇక ఆ ప్రస్తావన తేవద్దన్నారు. దీక్షను నేర్పే మఠ పెద్ద ఆమెపట్ల కఠినంగానే ఉండేది. 1867లో వ్రతం స్వీకరించి అందరికీ కొలువులు పంచే వేళ, ఈమె ఏ పనికీ కొరగాదని పెద్దల నోటనే అనిపించుకొంది. పీఠాధిపతి ఆమెకు ప్రార్థించడమే పనిగా అప్పగించారు. ఆపై వైద్యశాలలో రోగులకు ఉపచారం చేసింది. ప్రార్థనా మందిరంలో వస్త్రాలు సర్దింది. అందమైన అల్లికలు అల్లింది. తల్లి మరణించిన వార్త, ఆపై తండ్రి మరణించిన వార్త ఆ గోడల మధ్యే విన్నది. దేవమాత తనను ఒక చీపురులా వాడుకున్నదని, పని అయిన తరువాత చీపురు ఉండవలసిన చోటు తలుపు మూలేనని ఆమె అనేదట. ప్రపంచమంతా తన పేరు చెప్పుకుంటున్న వేళ తలుపు మూలన సంతృప్తిగా ఉండగలగడం సామాన్యమా?

ఉబ్బసానికి తోడు క్షయ ఆమె ఎముకలకు సోకింది. మోకాలిపై పెద్ద కంతి లేచింది. ఎందరో లూర్దుకు పోయి ఆ నీటితో స్వస్థత పొందామని చెబుతుండగా, ఆ నీటిని వెలికితీసిన ఆమె మాత్రం మంచం పట్టింది. ఆ ఊట తన కోసం కాదని ఆమె నమ్మకం. లూర్దులో కలిగిన స్వస్థతలను పరిశీలించడానికి 1883లో వైద్య విభాగం ఏర్పడింది. వైద్యశాస్త్రం వివరించలేనివని తేలి, చర్చి అద్భుతాలుగా గుర్తించినవి 2025 నాటికి కేవలం 72. కోట్లాదిమంది యాత్రికులలో అతి కొద్ది సంఖ్య అది. తక్కినవారందరూ ఏమి పొంది వెనుదిరిగారు? బెర్నదెత్ జీవితమే ఆ ప్రశ్నకు సమాధానం. రోగం మిగిలింది. ధైర్యం చేకూరింది.

1879 ఏప్రిల్ 16న, ఈస్టరు పండుగ గడచిన వారంలో, శిలువను గుండెకు హత్తుకొని ఆమె తుదిశ్వాస విడిచింది. అప్పటికి ఆమె వయస్సు 35 ఏళ్లు. సరిగ్గా ఆ కాలంలోనే మన సీమ చరిత్రలో అతి దారుణమైన అధ్యాయం ముగిసింది. ధాత నామ సంవత్సరంలో మొదలై 1876 నుండి 1878 వరకు సాగిన మహాక్షామం కర్నూలు, కడప, బళ్లారి జిల్లాలను శ్మశానం చేసింది. ఆమె అక్కడ మంచంపై నలిగిపోతున్న రోజులలోనే ఇక్కడ మన ముత్తాతలు గంజి కేంద్రాల ముందు వరుస కట్టారు. దేవుడు ఉన్నాడా అన్న ప్రశ్న ఆనాడు రెండు చోట్లా లేచే ఉంటుంది. ప్రశ్న లేచినా దీపం పెట్టడం మానని ఇళ్ల నుండి వచ్చినవారమే మనం.

గుణదల నుండి సీమ దాకా

ఆమె సమాధిని 1909లో, 1919లో, 1925లో తెరిచి చూశారు. దేహం పెద్దగా శిథిలం కాలేదని పరీక్షించినవారు తెలిపారు. ముఖానికి, చేతులకు పల్చని మైనపు తొడుగు అమర్చి నెవేర్ మందిరంలో అద్దాల పేటికలో ఉంచారు. 1925లో ఆమెను ధన్యురాలిగా, 1933 డిసెంబరు 8న పోపు పదకొండవ పయస్ పునీతురాలిగా ప్రకటించారు.

ఆమె చెప్పిన రూపమే తెల్లని వస్త్రాలతో, నీలి నడికట్టుతో సముద్రాలు దాటి మన తెలుగునేలకు చేరింది. 1924లో ఇటలీకి చెందిన ఆర్లాటి అనే గురువు గుణదల కొండపై మరియమాత స్వరూపాన్ని ప్రతిష్ఠించారు. ఏటా ఫిబ్రవరి 9 నుండి 11 వరకు అక్కడ జరిగే ఉత్సవానికి లక్షలాది జనం తరలివస్తారు. వారిలో హిందువులు ఎందరో. టెంకాయ కొడతారు. తలనీలాలు సమర్పిస్తారు. కొండకు మొక్కడం మన రక్తంలో ఉన్నది కాబట్టి అది మనకు వింతగా తోచదు.

రాయలసీమలో కతోలిక విశ్వాసం పాతదే. 18వ శతాబ్దంలోనే పుదుచ్చేరి వైపు నుండి ఫ్రెంచి జెసూట్ గురువులు ఈ ప్రాంతాలకు వచ్చి తెలుగు నేర్చారు. కర్నూలు 1967లో, కడప 1976లో పీఠాలయ్యాయి. మీ వీధిలోనో, మీ పొలం గట్టు అవతలనో మరియమ్మ అని, బెర్నదెత్తమ్మ అని పిలుచుకునే ఇల్లాలు ఉండవచ్చు. సాయంవేళ మీరు తులసికోట ముందు దీపం పెట్టే సమయానికే ఆమె జపమాల తీసుకొని కూర్చుంటుంది. మీరిద్దరూ అడిగేది బహుశా ఒకటే. బిడ్డకు జ్వరం తగ్గాలి, వాన పడాలి, ఇంటాయనకు పని దొరకాలి.

బెర్నదెత్ జీవితం మీకు కొత్త దేవతను చూపడానికి రాలేదు. మీరు నమ్మిన దైవాన్ని ఎలా నమ్మాలో ఆమె బతికి చూపింది. కన్నదాన్ని కన్నట్లుగా చెప్పింది. ఒక్క మాట పెంచలేదు, తుంచలేదు. భక్తికి వెల కట్టనివ్వలేదు. కోరిక తీరనప్పుడు అలగలేదు. పెద్ద అనుభవం కలిగిన తరువాత చిన్న పనిని చిన్నచూపు చూడలేదు. రోగి పక్క సర్దడంలో, దుస్తులు మడవడంలో అదే దైవాన్ని వెతుక్కుంది.

రేపు తెల్లవారి మీరు వాకిట కళ్లాపి చల్లుతారు. బిందె తెచ్చి గడపలో దింపుతారు. ఆ నీళ్లలో కొన్ని దేవుని పటం ముందు పంచపాత్రలో పోస్తారు. అది మీ అనుదిన సంధ్య. మొక్కు ఇంకా ఫలించలేదని, తవ్విన ప్రతిచోటా బురదే వస్తున్నదని మనస్సు కుంగిన నాడు, చలిలో మోకాళ్లపై కూర్చొని మట్టి గీరిన ఆ పేద బిడ్డను ఒక్కసారి తలచుకోండి. మూడు దోసిళ్లు పారబోసినప్పటికీ ఆమె లేచి పోలేదు. నాలుగవదాని కోసం చేయి చాచింది.